జమ, ఖర్చు, బాకీ
(సొసైటీ వార్షికోత్సవంలో విద్యార్థులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



వ్యాపార లెక్కల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను ఉర్దూ మీడియం మాస్టర్ని, నా తెలుగులో తప్పులుంటే మన్నించండి. అయితే జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు – ఇవన్నీ అరబ్బీ, పారశీ భాషల నుంచి తెలుగు షావుకారు చిట్టాలోకి వచ్చిన మాటలే. మాటలు మనవైపు నుంచి పోయాయి గాని, రాసే అలవాటు మాత్రం మనకు రాలేదు.

మా మామూజాన్ కిరాణా దుకాణం నడిపేవారు. లెక్కంతా నోటిమీదే. "కాగితం ఎందుకురా, నాకంతా యాదుంది" అనేవారు. ఒకరోజు ఫజర్ వేళ హఠాత్తుగా పోయారు. ఆయన ఎవరికి బాకీయో వాళ్ళు చహల్లుం కాకముందే చీటీలు పట్టుకొని వచ్చారు. ఆయనకు బాకీపడ్డవాళ్ళు ఒక్కరూ రాలేదు. మామీజాన్ గాజులు అమ్మి అప్పులు తీర్చింది. అప్పు ఇచ్చిపుచ్చుకుంటే రాసుకోండి, సాక్షులను పెట్టుకోండి అని సూరె బఖరా 282వ ఆయత్‌లో ఉన్నది. ఖురాన్‌లో అన్నిటికన్నా పెద్ద ఆయత్ అదే. దాన్ని ఖిరాత్‌తో చదువుతాం, దుకాణంలో అమలు చెయ్యం.

రాయడం కూడా రెండు వైపులా రాయాలి. అన్న దగ్గర 10,000 రూపాయలు అప్పు తెచ్చి బట్ట కొన్నారనుకోండి. ఒకవైపు సరుకు 10,000, రెండోవైపు అన్నకు బాకీ 10,000. దుకాణం నిండుగా కనిపిస్తుంది, మన సొంతం పైసా పెరగలేదు. ఇటలీ దేశపు లూకా పాచియోలీ 1494లో వెనీస్‌లో అచ్చయిన గ్రంథంలో వివరించిన పద్ధతి ఇదే.

జకాత్ లెక్క తెలిసినవారికి ఆస్తి అప్పుల పట్టీ కొత్త కాదు. రొక్కం, అమ్మకానికున్న సరుకు, వసూలు కాగల బాకీలు కలిపి, తీర్చవలసిన అప్పు తీసేస్తాం. మిగిలినది నిసాబ్‌కు చేరి ఏడాది నిండితే రెండున్నర శాతం. కుట్టుమిషను, బీరువా అందులో చేర్చం. అవి పనిముట్లు. వాణిజ్యశాస్త్రంలో స్థిరాస్తి అంటారు.

ఇప్పుడొక దర్జీ దుకాణం చూద్దాం. నెలకు అద్దె 6,000, కరెంటు 800, పనివాడి జీతం 9,000. మిషను ధర 24,000, పదేళ్ళు పనిచేస్తుందనుకుంటే దాని అరుగుదల నెలకు 200. దీన్ని మనవాళ్ళెవరూ రాయరు, మిషను ఆగిపోయిన రోజున వడ్డీకి పరుగెత్తుతారు. మొత్తం 16,000. చొక్కాకు కుట్టుకూలి 300, దారం, బొత్తాలు, కాన్వాసు, కాజా, ఇస్త్రీ కలిసి 100. మిగిలేది 200. అంటే 80 చొక్కాలు కుడితేగాని ఖర్చు తీరదు. 81వ చొక్కా నుంచే యజమాని ఇంటికి బియ్యం! గల్లాలో నోట్లున్నాయి కదా అని పదో చొక్కాకే తీసి వాడుకుంటే అద్దె డబ్బులే తింటున్నాడన్నమాట.

ఎదుట రెడీమేడ్ దుకాణం వెలిసిందనుకోండి. భయపడి కూలి 250కి దించితే మిగిలేది 150, అప్పుడు 107 చొక్కాలు కుట్టాలి. చేతులెక్కణ్ణుంచి తెస్తాడు? మన బలం, బలహీనత, అవకాశం, ముప్పు నాలుగు గళ్ళలో రాసుకోమంటాయి మేనేజిమెంటు పుస్తకాలు. రెడీమేడ్ ముప్పే, కాదనను. కాని ఆ ప్యాంటు కొన్నవాడికి పొడుగు తగ్గించాలి, నడుము బిగించాలి. దానికి కావలసింది దారం, కాస్త పని. రేపు మీ నోటుబుక్కులో అవకాశం గడిలో ఇది కూడా రాయండి, ఎన్ని ప్యాంట్లు సరిచేస్తే ఎన్ని చొక్కాలకు సమానమో లెక్క వేసి నాకు చూపించండి.