వేసవికి ఏ ఊరు?
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1989 వేసవిలో ఎల్.టి.సి. మంజూరు చేయించుకుని మా అబ్బాయిని మైసూరు తీసుకెళ్ళాను. వాడికప్పుడు పద్నాలుగేళ్ళు. అక్కడి రైలు మ్యూజియం చూస్తానన్నాడు. "పాత ఇంజన్లలో ఏముందిరా?" అని కసిరి చాముండి కొండకీ, నంజనగూడుకీ తిప్పాను. ఆఫీసు నోటు రాసినట్టు కార్యక్రమమంతా నేనే రాసుకున్నాను మరి! తిరుగు ప్రయాణంలో వాడు నాతో మాట్లాడలేదు.

మొన్న మావాడు, మనవణ్ణి మూడు రోజులు ఏ ఊరు తీసుకెళ్ళమంటారని అడిగాడు. పిల్లవాణ్ణే అడగమన్నాను. వాడు విశాఖపట్నం అన్నాడు. రామకృష్ణా బీచిలో కుర్సురా జలాంతర్గామి ఉంది కదా, అందుకని. అది 1969లో నౌకాదళంలో చేరి 2001లో రిటైరయింది (మన జాతే!). 2002 నుంచి మ్యూజియం. ఎదురుగానే 2017లో తెరిచిన టి.యు.-142 విమానం. మే నెలలో అక్కడ ఉక్కపోత గనక మధ్యాహ్నం గదిలో పడుకుని సాయంత్రం చూడాలి. జలాంతర్గామికి సోమవారం సెలవు, అది మరచిపోకండి.

"ఆ ఇనప గొట్టంలో ఏముంది నాన్నా? సింహాచలం, అన్నవరం తిప్పుకొస్తాను" అన్నాడు మావాడు.

నేను ఊరుకున్నాను. కాసేపటికి వాడే నవ్వేశాడు. బెజవాడ నుంచి రత్నాచల్‌లో రెండు టిక్కెట్లు తీస్తాడట. సింహాచలానికి ఒక పూట చాలునట.

లేచి వెడుతూ, "మైసూరులో ఆ రైలు మ్యూజియం ఇంకా ఉందా నాన్నా?" అని అడిగాడు.

ఉందిరా అన్నాను.