మందు బిళ్లతో పాటు బియ్యం సంచి
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను చదువుల గురించి మాట్లాడమని పిలిచారు. ఈసారికి దగ్గు గురించి మాట్లాడతానని కార్యదర్శిగారితో చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "సరే మేడం, మీ ఇష్టం" అన్నారు. నేను డాక్టర్ని కాను, పిల్లలకు జీవశాస్త్రం చెప్పే టీచర్ని. చదివి తెలుసుకున్నదీ, కళ్లారా చూసిందీ మాత్రమే చెబుతాను.

కొన్నేళ్ల క్రితం నా తొమ్మిదో తరగతిలో ఒకమ్మాయి ఉండేది. చురుకైన పిల్ల. దసరా సెలవుల తర్వాత రావడం తగ్గించింది. వారంలో రెండు రోజులు వస్తే గొప్ప. నేను రిజిస్టరులో గైర్హాజరు వేసుకుంటూ పోయాను. ఒకసారి క్లాసులో అందరి ముందూ మందలించాను కూడా. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది. చివరికి ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. ఒకే గది, ఒక కిటికీ, అదీ మూసి ఉంది. తండ్రి ఆటో నడిపేవాడు. టీబీ అని తేలి ఆరు నెలల మందులు మొదలుపెట్టి, రెండో నెలలోనే మానేశాడట. ఎందుకు మానేశాడని అడిగాను. ఆ తల్లి చెప్పిన జవాబు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. "మాత్రలు ఫ్రీగానే ఇస్తున్నారు టీచర్‌గారూ. అవి వేసుకుంటే ఆయనకు ఆకలి ఎక్కువవుతోంది. పిల్లల ముందు పళ్లెం పెట్టి ఆయన ఒక్కడే తినలేక మానేశాడు."

ఆ ఏడాదే ఆ అమ్మాయికీ టీబీ వచ్చింది. ఒక సంవత్సరం చదువు పోయింది.

మనం రంజాన్‌లో ఇచ్చే రేషన్ కిట్ ఆ ఇంటికీ చేరింది. నెల రోజులు వచ్చింది. టీబీ మందు ఆరు నెలలు వాడాలి. ఈ రెండు లెక్కల మధ్య తేడా గురించే నా ఈ ప్రసంగమంతా.

టీబీ, మనం క్షయ అనే జబ్బు, గాలి ద్వారా వచ్చే జబ్బు. 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ అనే జర్మన్ శాస్త్రవేత్త దాని క్రిమిని కనుగొన్నట్టు ప్రకటించాడు. అందుకే మార్చి 24ను టీబీ దినంగా జరుపుతారు. రోగి దగ్గినప్పుడు క్రిములు గాలిలో కలుస్తాయి, గాలి ఆడని గదిలో ఎక్కువసేపు ఉంటాయి. పళ్లెం వేరు చేయడం వల్ల ఒరిగేదేమీ లేదు, కిటికీ తెరిస్తే ఉంది. మన ఇళ్లలో ఇది తలకిందులుగా జరుగుతుంది. మనిషిని దూరం పెడతాం, కిటికీ మూస్తాం.

క్రిమి ఒంట్లో చేరిన ప్రతివాళ్లకూ జబ్బు రాదు. ఎక్కువమందిలో అది నిద్రపోతూనే ఉంటుంది. ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు లేస్తుంది. మన పెద్దలకు ఇది తెలియని సంగతేమీ కాదు. అందుకే ఒకప్పుడు మందులేని రోజుల్లో మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి అని కొండల మీద శానిటోరియాలు కట్టారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం 1915లో మొదలైంది. మనకు దగ్గర్లో వికారాబాద్ అనంతగిరి కొండల మీదా ఒకటి ఉంది. కానీ ఆటో నడుపుకునే మనిషి ఇల్లు వదిలి కొండెక్కితే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు?

ఈ ప్రశ్నకు జవాబు మద్రాసులో దొరికింది. 1956లో అక్కడ ఒక పరిశోధన కేంద్రం పెట్టి 193 మంది పేద రోగులను రెండు భాగాలు చేశారు. సగం మందిని శానిటోరియంలో ఉంచారు. మిగతా సగం మందిని వాళ్ల ఇరుకు ఇళ్లలోనే ఉంచి అవే మందులు ఏడాదిపాటు ఇచ్చారు. శానిటోరియంలో ఉన్నవాళ్లకు తిండి బాగుంది, బరువు కూడా ఎక్కువ పెరిగారు. అయినా 1959లో ఫలితాలు వచ్చేసరికి నయమైనవాళ్ల సంఖ్య రెండు చోట్లా ఇంచుమించు ఒకేలా ఉంది. ఇంట్లో ఉన్న రోగి వల్ల కుటుంబంలో జబ్బు అదనంగా పెరగనూ లేదు. ప్రపంచమంతా టీబీకి ఇంటి దగ్గరే వైద్యం చేయడానికి దారి తీసిన పరిశోధన ఇది. రోగిని ఇల్లు వదిలి పంపేయాల్సిన పని లేదని తేల్చింది మన దక్షిణాది పేటల్లోని పేదవాళ్లే.

అయితే ఆ ఫలితం నుంచి జనం ఇంకో అర్థం కూడా తీసుకున్నారని నాకనిపిస్తుంది. మందు ఉంటే చాలు, తిండి మాట అంత ముఖ్యం కాదు అని. మందు మందే, దాన్ని తక్కువ చేయను. కానీ తిండి లెక్క అరవై ఏళ్లు వెనక్కి పోయింది.

దాన్ని మళ్లీ ముందుకు తెచ్చింది ఝార్ఖండ్‌లో 2019లో మొదలైన ఒక అధ్యయనం. డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ నడిపించారు. నాలుగు జిల్లాల్లో 2,800 మంది రోగులు, వాళ్ల ఇళ్లలోని 10,345 మంది కుటుంబ సభ్యులు అందులో ఉన్నారు. రోగులందరికీ మందులతో పాటు నెలకు పది కిలోల సరుకులు ఇచ్చారు. బియ్యం, పప్పు, పాలపొడి, నూనె. సగం కుటుంబాల్లో మిగతా సభ్యులకు కూడా ఒక్కొక్కరికి నెలకు ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇచ్చారు. అంతే. మన కిట్‌లో ఉండేవే కదా!

2023 ఆగస్టులో ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. తిండి అందిన కుటుంబాల్లో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. ఇతరులకు అంటుకునే రకం ఊపిరితిత్తుల టీబీ 48 శాతం తగ్గింది. ఆ రోగుల్లో ఐదుగురిలో నలుగురు మొదటి రోజే ఉండాల్సిన దానికన్నా బరువు తక్కువ. రెండు నెలల్లో బరువు ఐదు శాతం పెరిగినవాళ్లలో చనిపోయే ప్రమాదం 61 శాతం తక్కువగా కనిపించింది. నలభై కిలోల మనిషికి ఐదు శాతం అంటే రెండు కిలోలు.

ఇంకో లెక్క కూడా దాచకుండా చెప్పాలి. ఒక్క కొత్త టీబీ కేసును ఆపాలంటే సుమారు ముప్పై కుటుంబాలకు ఇలా తిండి ఇవ్వాలని వాళ్లే తేల్చారు. మన సొసైటీ ఆరు కుటుంబాలను తీసుకుంటే, ఫలానా పిల్లకు జబ్బు రాకుండా ఆపామని చూపించుకోలేం. రాని జబ్బుకు రసీదు ఉండదు. ఖజాంచిగారికి ఇది ఇబ్బందే. అయినా అడుగుతున్నాను.

దారి ఉంది కూడా. కేంద్రం 2018 నుంచి ప్రతి టీబీ రోగికి నెలకు 500 రూపాయలు ఇస్తోంది, 2024 నవంబరు నుంచి దాన్ని వెయ్యి చేశారు. 2022 నుంచి నిక్షయ్ మిత్ర అనే ఏర్పాటు ఉంది. మనలాంటి సంస్థ పేరు నమోదు చేసుకుని, రోగి ఒప్పుకుంటే, కనీసం ఆరు నెలలు ఆ ఇంటికి సరుకులు ఇవ్వవచ్చు. దాతృత్వ సంస్థలు ఈ పనిలో ముందుండటం హైదరాబాద్‌కు కొత్త కాదు. 1995లోనే మహావీర్ ఆసుపత్రి వీధి చివరి ప్రైవేటు డాక్టర్లను కలుపుకొని, రోగికి ఇంటి దగ్గరే మాత్ర వేయించే పద్ధతి నడిపి చూపింది. పేదవాడు మొదట వెళ్లేది ఆ డాక్టరు దగ్గరకే అని వాళ్లు గుర్తించారు.

నావి కొన్ని చిన్న మనవులు. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష చేయించండి, డబ్బు తీసుకోరు. ఒకరికి తేలితే ఇంట్లో అందరినీ చూపించండి. జబ్బు లేనివాళ్లకు రాకుండా ఆపే మాత్రలు ఇప్పుడు ఉన్నాయి. రోజా కోసం మాత్రలు మానేసినవాళ్లను చూశాను. జబ్బుతో ఉన్నవాళ్లు రోజాలు తర్వాత పూర్తి చేసుకునే వెసులుబాటు మన ధర్మంలోనే ఉంది. డాక్టర్‌ను అడగండి, ఇమామ్ సాబ్‌ను అడగండి, మాత్ర మాత్రం ఆపకండి.

ఇంకొకటి, కొంచెం కటువుగా అనిపిస్తే మన్నించండి. కిట్లు అందుకునేవాళ్లను వరసలో నిలబెట్టి తీసిన ఫోటోలు ఏటా మన సంచికలో వేస్తున్నాం. ఈ ఇళ్లకు అది వద్దు. టీబీ ఇల్లని తెలిస్తే ఆ ఇంటి ఆడపిల్లకు సంబంధాలు వెనక్కి పోతాయి. సంచి మామూలు సంచి కావాలి, దాని మీద మన పేరు కూడా వద్దు.

ఆ అమ్మాయి మళ్లీ బడికి వచ్చింది, పదో తరగతి పాసైంది. తండ్రి రెండోసారి మందులు పూర్తి చేశాడు. ఇవాళ మీ ముందు ఈ సంగతి చెప్పొచ్చా అని పోయిన వారం ఆ తల్లిని అడిగాను. చెప్పండి గానీ మా గల్లీ పేరు మాత్రం చెప్పకండి అంది. అందుకే చెప్పలేదు.