హోదా దక్కింది, చదివేవారేరీ?

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



అరబీ లిపిలో కనిపించేదంతా అరబీ భాష కాదు. ఫార్సీ, పష్తో, ఉర్దూ, సింధీ, కాశ్మీరీ భాషలు ఆ అక్షరాలను తీసుకొని తమ పలుకుకు తగ్గట్టు మార్చుకున్నాయి. అరబీ అక్షరాలు 28. ఫార్సీ పే, చే, ఝే, గాఫ్ అనే నాలుగింటిని కలుపుకొంది. మన దేశపు ట, డ వంటి ధ్వనుల కోసం ఉర్దూ మరికొన్ని చేర్చుకుంది.

వీటి అధికార హోదా మాత్రం ఒక్క తీరుగా లేదు. ఇరాన్‌లో ఫార్సీ అధికార భాష. ఇరాక్ 2005 రాజ్యాంగం అరబీతోపాటు కుర్దిష్‌కూ ఆ హోదా ఇచ్చింది. టర్కీ 1928లో ఈ లిపినే వదిలేసింది. తాతలు రాసిన ఉత్తరాలు మనవళ్లకు అర్థంకాని గీతలయ్యాయి. మన దేశంలో కాశ్మీరీ మొదటినుంచీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్నా, సొంతగడ్డపై అధికార భాష అయింది 2020లోనే. సింధీ 1967లో షెడ్యూలుకెక్కింది, దానికంటూ రాష్ట్రం లేదు.

ఇక ఉర్దూ. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో దాన్ని రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా చేశాయి. సంతోషం. కాని ఉర్దూలో నాలుగు వాక్యాల అర్జీ రాయగల పిల్లలు మన ఇళ్లలో ఎందరున్నారు? అర్జీ రాసేవారే లేకపోతే ఆఫీసులో ఉర్దూ తెలిసిన గుమాస్తా ఎందుకని రేపు ఎవరైనా అడిగితే ఏం చెబుతాం?

నా తరగతిలో ఖురాన్ చక్కగా పఠించే పిల్లలే ఉర్దూ పత్రిక మొదటి వాక్యం దగ్గర ఆగిపోతారు. అది వారి లోపం కాదు. ఖురాన్‌లో జబర్, జేర్, పేష్ గుర్తులుంటాయి. ఉర్దూ అచ్చులో అవి సాధారణంగా ఉండవు. మాట తెలిస్తేనే చదవగలరు. అక్షరాలు వచ్చిన పిల్లలకు ఇక మిగిలింది ఆ ఒక్క మెట్టే.

దాతలారా, నేనడిగేది కొత్త భవనం కాదు. మక్తబ్‌లో సాయంత్రం ఒక గంట ఉర్దూ, చెప్పే టీచరుకు నెలనెలా ఆగని జీతం. మొదట గుర్తులున్న వాచకం, తరువాత గుర్తులు లేనిది. తెలుగు చదువు తగ్గించమనడం లేదు. ఈ గడ్డమీద బతుకుకు అది తప్పనిసరి. రెండూ రావాలి.

చట్టం ప్రభుత్వం చేసింది. చదివించడం మన పని.