వానకాలపు పరుగు



పోలీసు కొలువునకు 1600 మీటర్ల పరుగు నెగ్గవలెనని మన యువకులు వానలోనే డొంకదారుల వెంట పరుగెత్తుచున్నారు. ఆ పట్టుదల మెచ్చదగినది. వట్టి పడిశమైనచో మెల్లగా పరుగెత్తవచ్చును. జ్వరమున్నచో మానవలెను, గుండెకు చేటు కలుగవచ్చును.

కాలిపుండు సంగతి వేరు. దానిని చిన్నదని తోసివేయుదురు. ఎలుకల మూత్రము కలిసిన నిలువనీటి నుండి ఎలుకజ్వరపు క్రిమి ఆ పుండు గుండానే ఒంటిలో చేరును. జ్వరము సాధారణముగా 5 మొదలు 14 దినములలో పొడసూపును. అప్పటికి బురద తొక్కిన మాటే మరచిపోవుదురు. డాక్టరుకు ఆ మాట తప్పక చెప్పవలెను. సకాలములో మందులకు లొంగును. ఆలస్యమైనచో మూత్రపిండములు దెబ్బతినవచ్చును.

పుండు మానువరకు ఎండిన నేలపైననే పరుగెత్తవలెను. ఆ నేల ఎక్కడ? పాఠశాల మైదానమున నీరు నిలువకుండ కాలువ త్రవ్వించి, అంచు వెంట మొరము పరపించినచో చాలును. ఆ పని పంచాయతీది.