పచ్చిమేత - ఒంటి పైరు, జంట పైరు



నా పదునాలుగవ యేట మా యింట జరిగిన యొక సంగతితో ఈ ప్రసంగము నారంభించెదను. ఆ యేడు తొలకరి కురిసిన పిమ్మట నెలదినములు చినుకు లేదు. జొన్నచేను మోకాలెత్తున వాడి నిలిచినది. ఆకలిగొన్న మా పాడియావు పలుపుత్రాడు త్రెంచుకొని ఆ చేనబడి మేసి, కొద్దిసేపటికే అక్కడనే కూలి ప్రాణము విడిచినది. జొన్న నాము పట్టినదని ఇరుగుపొరుగువారు చెప్పిరి. నాటినుండి మా తండ్రిగారు పచ్చిజొన్నను కొట్టములోనికి రానీయలేదు. మిగిలిన పశువులకు వరిగడ్డియే గతి యయ్యెను. ఎద్దులు చిక్కిపోయినవి, గేదెల పాడి తగ్గినది.

తప్పు జొన్నది కాదు, అదను తెలియమిది. లేతజొన్నలోను, వాన లేక గిడసబారిన జొన్నలోను, కోసిన మోళ్ల నుండి వచ్చు పిలకలలోను విషము హెచ్చుగా నుండును. పూతకు వచ్చునప్పటికి అది చాల తగ్గును. కావున పూతకు ముందు జొన్న కోయరాదు, మేపరాదు. నాము పట్టిన పశువునకు విరుగుడు మందు కలదు. క్షణమైనను జాగుచేయక పశువైద్యుని పిలువవలయును.

ఇక మేత బలమును విచారింతము. ఎండిన తూకమున నూటికి వరిగడ్డిలో మాంసకృత్తులు 3, 4 పాళ్లు మాత్రమే. పూతనాటి జొన్నలో 7, 8 పాళ్లుండును. అలసందలో 15 పాళ్లకు మించును. అట్లయిన అలసంద నొక్కదానినే వేయరాదా యని మీరడుగవచ్చును. పప్పుజాతి మేతకు బలమున్నను దిగుబడి జొన్నకంటె తక్కువ. పైగా లూసర్ను వంటి లేతమేతను మంచుతడితో కడుపునిండ మేపిన, పశువునకు కడుపుబ్బరము వచ్చును. జొన్నకు దిగుబడి కలదు, బలము చాలదు. అందుచేతనే రెండింటిని కలిపి వేయుట మేలు.

రెండు వరుసల జొన్నకు ఒక వరుస అలసంద చొప్పున, వరుసల నడుమ అడుగు ఎడమిచ్చి విత్తవలయును. జొన్న పూతకు వచ్చునప్పటికి అలసంద పిందెపట్టు రకము నెన్నుకొనిన, రెండును ఒకే కోతకు వచ్చును. అలసంద నేలను కప్పి కలుపును అణచును. దాని వేళ్ల బొడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి పైరునకిచ్చును. ఈ సత్యమును జర్మను శాస్త్రజ్ఞులు హెల్రీగెల్, విల్ఫార్తు 1888లో సవిస్తరముగ వెల్లడించిరి. అయితే ఆ నత్రజని ప్రక్కనున్న జొన్నకు అప్పుడే అందునది స్వల్పము. వేళ్లు కుళ్లిన పిమ్మట రాబోవు పైరునకే లాభము. కావున జొన్నకు ఎరువు మానరాదు. ఒక్క మాట మరువకుడు: అలసందను కలిపినంతమాత్రమున జొన్నలోని విషము పోదు. పూత నియమము జంట పైరునకును వర్తించును.

అన్నిచోట్ల జంటయే మేలనుట లేదు. కృష్ణా, గోదావరి మండలములలో వరికోతకు కొలది దినములు ముందు, నిలిచిన పైరులోనే పిల్లిపెసర చల్లుదురు. నేలలోని మిగులుతేమతో అది యొంటరిగనే చక్కగ పెరుగును. లూసర్నును ప్రత్యేకముగ వేసినచో, ఒకసారి విత్తిన కొన్నియేండ్లు కోతలిచ్చును. నేపియరు గడ్డి కాలువగట్ల మీద, ఇంటి వాడుకనీరు పారుచోట, పలుమారులు కోతకు వచ్చును.

పెద్దవాడనైన పిదప నేను అర యెకరమున జొన్న, అలసంద కలిపి వేసితిని. మా తండ్రిగారు వారించలేదు, మెచ్చుకొనలేదు. పూతకు వచ్చినదాక ప్రతి సాయంకాలము గట్టుమీద నిలిచి చూచెడివారు. కోసిననాడు మొదటి మోపును తామే యెత్తుకొనివచ్చి ఆవు ముందు వైచి, అది నెమరువేయునంతవరకు కదలక కూర్చుండిరి. మరునాడు కొడవలి తామే చేతబట్టిరి.

మీరును నా మాట నమ్మి యెకరములు విత్తవలదు. ఒక చిన్నమడిని మూడు భాగములు చేయుడు. ఒకదానిలో జొన్న, ఒకదానిలో అలసంద, మూడవదానిలో రెండును కలిపి వేయుడు. అదనున కోసి తూచుడు. పశువు దేనిని మిగుల్చక తినునో, పాలచెంబు ఏమి చెప్పునో చూడుడు. మీ ఊరి పొలమునకు తగినది మీకే తెలియగలదు. పెద్దలు చేసి చూపినది పిన్నలు అనుసరింతురు.