శస్త్రచికిత్సానంతర వేదన — నాడీస్తంభనము
(వార్షిక మహాసభయందుఁ గావించిన యుపన్యాసము)



నేను వైద్యుఁడను గాను. బాలురకు శబ్దమంజరి చెప్పి తల నెరసినవాఁడను. అయినను మన బంధువర్గములో నొక పెద్దకు సంభవించిన యాపద నన్నీ వేదిక నెక్కించినది.

ఆయనకుఁ గడుపున శస్త్రచికిత్స జరిగి చక్కఁగనే ముగిసెను. కాని నొప్పికి మూలుగుట మగతనము గాదను పట్టుదలతో నాయన పండ్లు బిగించి కదలక పరుండెను. దగ్గినచోఁ గుట్లు చీరినంత బాధ. కావున దగ్గఁడు, లోతుగా నూపిరి పీల్వఁడు. నాలవనాఁటికి ఊపిరితిత్తులలోఁ గఫము నిలిచి జ్వరము పుట్టెను. గండము గడచుటకు మూఁడు వారములు పట్టెను. ఓర్పు సద్గుణమే, ఇచట నది రోగమునకు సాయపడినది.

వేదన యను పదము ‘విద్’ ధాతువునుండి పుట్టినది. ఎఱుక యని దాని మొదటి యర్థము. అది శరీరము మనకుఁ బంపు వార్త. వార్త యందిన పిమ్మట రేయింబవళ్లు దండోరా వినుచుండ నక్కఱలేదు. మద్యమలవడి వేదన నోర్వలేనివానికి శస్త్రకర్మకు ముందుఁ దీక్ష్ణమద్య మీయవలెనని సుశ్రుతాచార్యుఁడే విధించెను.

ఈ విషయమున మన నగరమునకుఁ బ్రత్యేకఖ్యాతి గలదు. పాతబస్తీ కెదుట, మూసీ యావలిగట్టున నఫ్జల్‌గంజు వైద్యశాల యుండెడిది. డాక్టరు ఎడ్వర్డు లారీ నాయకత్వమున 1888లోను, లండనునుండి వచ్చిన లాడర్ బ్రంటను గారితోఁగూడ 1889లోను, మహబూబ్ అలీఖాను ప్రభువు ద్రవ్యసాయముతో క్లోరోఫారము పరీక్ష లిచట జరిగెను. రోగి యూపిరినే కనిపెట్టియుండిన హృదయమునకు భయము లేదని వారు తేల్చిరి. ఆ తీర్పు సంపూర్ణము గాదనియు, క్లోరోఫారము హృదయమునే నిలుపఁగలదనియు 1911లో లెవీ పండితుఁడు చూపెను. ఊపిరిని విడువక కనిపెట్టుమను హితవు మాత్రము నేఁటికిని నిలిచియున్నది. 1885లో హైదరాబాదు వైద్యపాఠశాలఁ జేరిన రూపాబాయి ఫర్దూన్‌జీ యను పారసీక వనిత యీ నగరముననే మత్తుమం దిచ్చుటలోఁ బ్రసిద్ధిగాంచెను.

ఇఁక నేఁటి విధానము. ఉదరకుడ్యమున నిరుప్రక్కల మూఁడు కండరపుఁబొర లొకదానిపై నొకటి యున్నవి. వెన్నునుండి వచ్చు నాడులు లోపలి రెండు పొరల నడుమ సాగును. ఆ సందున సూదితో స్పర్శహరౌషధము నించినచో, నాడులు కొన్ని గంటలు వార్త మోయవు. 2001లో రఫీ యను వైద్యుఁడు దీనిని బ్రకటించెను. పిదప నల్ట్రాసౌండు తెరపై సూదిమొనఁ జూచుచు మందు నించు పద్ధతి వచ్చినది. దీనిచే మార్ఫీను వంటి మందు తక్కువ చాలును. వాంతి, మగత, మలబద్ధము తగ్గును. దగ్గుటయు, లేచి నడచుటయు సులభమగును.

ఇది సర్వనివారిణి గాదు. కోఁత నొప్పి నడఁచునే గాని లోపలి యవయవముల నొప్పి నడఁపదు. దానికి వేఱుమందు వలయును. మోతాదు మించిన మూర్ఛయు హృదయగతివికారమును గలుగవచ్చును. కావున శరీరభారమునుబట్టి మందు లెక్కించు మత్తుడాక్టరుచేతనే జరుగవలెను.

మన సంఘము చేయఁదగిన కార్యములు మూఁడు. శస్త్రచికిత్సకు ముందే మత్తుడాక్టరును గలసి, ‘తరువాతి నొప్పికి నేమి యేర్పాటు?’ అని యడుగుఁడు. రక్తము పలుచబఱచు మందులు వాడుచున్నచో, ఏ మందైనఁ బడనిచో దాఁపక చెప్పుఁడు. రెండవది: పేదయింట మొదటఁ గోఁతపడునది నొప్పిమందు ఖర్చే, పోషకులు సహాయనిధిలో దానికొక భాగము కేటాయింతురుగాక. మూఁడవది: మన బాలికలలో నొకతెకైన నీ విద్య నభ్యసింప విద్యార్థివేతన మిత్తముగాక.

బాధ నోర్చినవానిని బొగడుట చాలును; బాధను దీర్చువారిని దయారుచేయుదము. స్వస్తి.