పట్టీ చుట్టేముందు



హోసూరు పక్క పల్లెలో ఓ రోజు బీపీ చూస్తున్నాను. ఓ అవ్వ రొప్పుతూ వచ్చి కూర్చుంది. "బిర్నా చూడు నాయనా, బస్సు పోతా ఉంది" అంది. పట్టీ చుట్టి చూస్తే పై అంకె 172. "అరగంటకు ఇంకో బస్సుందిలే అవ్వా" అన్నాను. వీపు కుర్చీకి, పాదాలు నేలకు ఆనించి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుంది. మళ్లీ చూస్తే 148.

మందు వేయలేదు. మరి ఏం తగ్గింది? బస్సు తప్పుతుందన్న ఆదుర్దాకు సింపథెటిక్ నరాల కొసల్లోంచి నోరడ్రినలిన్ ఊరుతుంది. రక్తనాళాలు బిగుస్తాయి, గుండె వేగం పెరుగుతుంది. మూత్రపిండాలు రెనిన్ వదిలితే ఉప్పూ నీరూ ఒంట్లోనే నిలుస్తాయి. మంచం మీంచి లేచినప్పుడు మనకు కళ్లు తిరగకుండా కాచేవీ ఈ నరాలే. అవసరం తీరాక కూడా బిగువు సడలకపోతేనే చేటు.

నరాలు మోసే ఆ కబురు నోరడ్రినలిన్ అని 1946లో స్వీడన్ శాస్త్రవేత్త ఉల్ఫ్ వాన్ ఆయిలర్ తేల్చాడు. 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ సర్పగంధి వేరు బీపీని దించుతుందని బ్రిటిష్ వైద్యపత్రికలో రాశారు. ఆ వేరులోని రిసర్పిన్ నరాల కొసల్లో ఈ రసాయనం నిల్వను ఖాళీ చేస్తుంది. వాడినవాళ్లలో కొందరికి దిగులు కమ్మిందనీ వైద్యులు రాశారు. నాళాలతో మాట్లాడే రసాయనమే మెదడుతోనూ మాట్లాడుతుంది మరి.

2021 ఆగస్టు 5న మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే ఇంటింటికీ మందు చేర్చే 'మక్కళై తేడి మరుత్తువం' పథకం మొదలైంది. బీపీ మాత్ర గడప దాకా వచ్చింది. దాని వెంట మాటను తీసుకెళ్లాల్సింది ఈ రోజు వైద్య, నర్సింగ్ పట్టాలు అందుకుంటున్న మీరు. "ఒళ్లు బాగుంది కదా" అని క్లోనిడిన్ లాంటి మాత్రను ఉన్నపళాన మానేస్తే, అణిగిన నరాలు ఒక్కసారిగా విజృంభిస్తాయి. ఆ సంగతి తెలుగువాళ్లకు తెలుగులో, తమిళులకు తమిళంలో, కన్నడిగులకు కన్నడలో చెప్పండి. భయపెట్టి చెబితే, ఆ భయమే మళ్లీ నోరడ్రినలిన్ అవుతుంది.

148 కూడా ఎక్కువే. అందుకే మాత్ర మానొద్దని మరీ మరీ చెప్పి పంపాను. అవ్వ రెండో బస్సుకు నింపాదిగా నడిచి వెళ్లింది.